తమ్ముడి వైపు తిరిగిన మెడ

హోటల్లో వాళ్ళిద్దరినీ పెద్ద గిటారు, చిన్న గిటారు అని పిలిచేవారు. తమాషా ఏమిటంటే, పెద్ద గిటారు గట్టిగా గాలి వీస్తే పడిపోయేలాంటి బక్క మనిషి. చిన్న గిటారు తలుపులోంచి పక్కకి తిరిగి రావలసినంత భారీ మనిషి. అన్నదమ్ములని చెబితే తప్ప ఎవరూ పోల్చుకోలేరు. అయినా పేర్లు వయసును బట్టే నిలిచిపోయాయి. పెద్దవాడు పెద్దరికం చేయడంలో ఒక్కనాడూ సెలవు తీసుకోలేదు మరి.

దీపాలు వెలిగే వేళకి ఇద్దరూ భోజనాల హాలు మూలనున్న చిన్న వేదికెక్కి, చేతుల్లేని కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని వాయించేవారు. అన్న కుడివైపు, తమ్ముడు ఆయనకి ఎడమ పక్కన. తినడానికి వచ్చినవాళ్ళు వినడానికి రాలేదని ఇద్దరికీ తెలుసు. సూప్ వచ్చేటప్పుడు వాయించేదాన్ని సూప్ పాట అనీ, బిల్లు వచ్చేటప్పుడు వాయించేదాన్ని బిల్లు పాట అనీ తమలో తాము అనుకునేవారు. అసలు పేర్లు ఎప్పుడో మరిచిపోయారు. ఒక్క పాట విషయంలో మాత్రం వేళాకోళం ఉండేది కాదు. దాన్ని ఆగే పాట అనేవారు. అందులో సగం దాటాక రెండు గిటార్లూ ఒక్కసారిగా ఆగిపోతాయి. స్పూన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఆ నిశ్శబ్దంలోంచి చిన్న గిటారు ఒక్కటే మళ్ళీ మొదలవ్వాలి. కాస్త ముందైతే తొందరపాటులా ఉంటుంది, కాస్త ఆలస్యమైతే మరిచిపోయినట్టుంటుంది.

తమ్ముడు నిక్కర్లేసుకునే రోజుల్లో, స్కూలు వేదిక మీద, సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే ఇరుక్కుపోయాడు. వేళ్ళు తీగల మీద ఉన్నాయి గానీ కదలవు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్లాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అన్న మెడ ఎడమకి తిప్పి, గడ్డం కిందకి దించి, 'ఊఁ' అన్నట్టు తల ఊపాడు. తమ్ముడు మొదలుపెట్టాడు. గండం గడిచింది. ఆ రోజు నుంచి అన్న తల ఊపడం మానలేదు. మొదట ఆ ఒక్క పాటలోనే. తర్వాత ప్రతి పాటలో, ప్రతి మలుపులో. జుట్టు నెరిసినా, తమ్ముడి పొట్ట గిటారును ముందుకు తోసేసేంత పెరిగినా, ఆ మెడ ఎడమకి తిరుగుతూనే ఉంది.

నొప్పి మొదట్లో చుట్టంలా వచ్చి పోతుండేది. తర్వాత మకాం పెట్టింది. ఎడమ భుజం వెనక, రెక్క ఎముక అంచున మొదలై, మెడ నరం పట్టుకుని చెవి కింద దాకా లాగేది. ఆయన చేయని వైద్యం లేదు. ఇల్లంతా పూత మందు వాసన. హోటల్ వంటింట్లో ఐసు ముక్కలు తువ్వాల్లో మూట కట్టించుకుని, విరామంలో మెడ కింద పెట్టుకునేవాడు. గిటారు పట్టీ వెడల్పుది కొన్నాడు, కుర్చీ మార్చాడు, దిండు మార్చాడు, చివరికి మంచం మీద పడుకునే వైపు కూడా మార్చాడు. దేనికీ నొప్పి లొంగలేదు.

ఆయన నొప్పిని గుట్టుగా దాచుకునే రకం కాదు. పాలవాడి దగ్గర్నుంచి హోటల్ మేనేజరు దాకా ఆ భుజం చరిత్ర అందరికీ కంఠతా వచ్చు. తమ్ముడికైతే మరీను. "ఇలా ఇవ్వు అన్నయ్యా" అని ఆయన గిటారు కూడా తీసుకుని, రెండు పెట్టెలూ తన ఎడమ భుజానికే తగిలించుకుని, పక్కన నడుస్తూ మొత్తం వినేవాడు. సరే అన్నయ్యా, అవునన్నయ్యా, అయ్యో అన్నయ్యా. అతని మాటలన్నీ ఈ మూడింట్లో సర్దుకుపోయేవి.

ఒకనాడు రోడ్డు దాటుతూ, వస్తున్న బస్సును చూడటానికి పెద్ద గిటారు మెడ తిప్పబోయాడు. తిరగలేదు. భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి లాగకపోతే ఏమయ్యేదో. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఎదుటివాళ్ళకి ఏది కనబడుతోందో ఏది కనబడటం లేదో కనిపెట్టడం ఆవిడ వృత్తి. "మీ పూతలు చాలు. రేపు గిటారు పట్టుకుని నాతో రండి" అని తీర్మానం చేసేసింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చిన్న గదిలో, ఎత్తు మార్చే మంచం ఒకటీ, గోడకి అస్థిపంజరం బొమ్మ ఒకటీ పెట్టుకుని కూర్చుంది. భుజం నొక్కి చూసింది, చెయ్యి ఎత్తించింది, పిడికిలి బిగించమంది. చిటికెన వేలు అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతోందా అని అడిగింది. ఎక్కుతోంది. ఆ సంగతి ఆయన భార్యకి కూడా చెప్పలేదు. తిమ్మిరి గిటారు వాయించేవాడి దగ్గర పైకి అనకూడని మాట.

"ఏదీ, ఆ స్టూలు మీద కూర్చుని వాయించండి అంకుల్. నేనిక్కడ లేననుకోండి."

ఆయన సూప్ పాట వాయించాడు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆపమంది.

"మీ ఎడమవైపు ఎవరున్నారు?"

ఆయన చూశాడు. గోడ ఉంది. గోడ మీద అస్థిపంజరం ఉంది. "ఎవరూ లేరు."

"మరి ప్రతి లైను చివరా అటు తిరిగి తల ఊపుతున్నారేం?"

భార్య పైకి నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. "అక్కడ మా తమ్ముడు కూర్చుంటాడు" అన్నాడు.

"అయితే మీ నొప్పి గిటారుది కాదు, మీ తమ్ముడిది" అని ఆ అమ్మాయి తేల్చేసింది. "గిటారు మీద వంగడమే వీపుకి బరువు. ఆ వంగినవాళ్ళు మెడ పక్కకి తిప్పి ఇన్నేళ్ళు తల ఊపుతూ కూర్చుంటే ఏ కండరం ఊరుకుంటుంది? ఇక నుంచి ఎదరకే చూడాలి. కాలి కింద చిన్న పీట పెట్టుకోండి, నడుం నిటారుగా ఉంచండి, గోడకి ఆనుకుని చేతులు పైకి జరిపే వ్యాయామం రోజూ చేయండి. ఎడమకి మాత్రం తిరక్కూడదు. తిరిగారంటే ఈ తిమ్మిరి చిటికెన వేలితో ఆగదు. వేళ్ళు తీగ నొక్కలేని రోజొస్తుంది."

ఇంటికొచ్చేదాకా ఆయన్ని భయం వదల్లేదు. భయం తన వేళ్ళ గురించే అనుకుంటే పొరపాటు. నేను చూడకపోతే వాడి గతేమిటి, అదీ ఆయన బెంగ. సమయం చూసి ముంచుకొచ్చినట్టు, హోటల్ హాలుకి కొత్త రంగులు వేసి మళ్ళీ తెరిచే సాయంత్రం ఆ వారమే. యజమాని ఇంటిల్లిపాదితో వస్తున్నాడు, ఆగే పాట వాయించమని కబురు కూడా పెట్టాడు. "ఈసారి బాగా కుదరాలండి. పైన స్పీకర్లు కూడా బిగించారు" అని మేనేజరు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వుకి అర్థం ఇద్దరికీ తెలిసింది. స్పీకర్లు పాడితే ఇక గిటార్లతో పనుండదు.

"వాడు తడబడ్డాడంటే ఇద్దరం ఇంట్లో కూర్చోవాలి" అన్నాడు పెద్ద గిటారు భార్యతో.

"ఎప్పుడైనా తడబడ్డాడా?"

"నేను చూస్తున్నాను కాబట్టి తడబడలేదు."

"మీరు చూడకుండా ఎప్పుడైనా వాయించనిచ్చారా?" అంది ఆవిడ, చేతిలో కళ్ళజోడు తుడుస్తూ. "మేడ మీద తన గదిలో పొద్దున్నే వాయించుకుంటూ ఉంటాడు. నేను బట్టలారేస్తూ వింటూ ఉంటాను. మీరెప్పుడూ ఎక్కి రాలేదు."

ఆయన ఎక్కి వెళ్ళలేదు, నిజమే. పొద్దున్నే పిల్లలు గిటారు పాఠాలకి వస్తారు, మెట్లెక్కితే వీపు లాగుతుంది, కారణాలకేం తక్కువ. పైగా తమ్ముడు ఒంటరిగా వాయించే మాట వస్తే ఆయనకి ఇంకో పాత సంగతి గుర్తొస్తుంది. అది గుర్తు రావడం ఆయనకి ఇష్టం ఉండదు.

ఇద్దరూ ఇంకా నల్లజుట్టుతో ఉన్న రోజుల్లో, ఊళ్ళు తిరిగి కచేరీలు చేసే ఒక గాయని ఆ హోటల్లో దిగింది. భోజనం చల్లారిపోతున్నా వింటూ కూర్చుంది. ఆ తర్వాత వేదిక దగ్గరకొచ్చి, తన బృందంలో గిటారు వాయించడానికి చిన్నతన్ని పంపుతారా అని అడిగింది. ఒక్కణ్ణే. తమ్ముడు నోరు తెరిచేలోగా అన్న జవాబు చెప్పేశాడు. "వాడు ఒంటరిగా వాయించలేడండి. నేను పక్కన ఉండాలి." ఆవిడ తమ్ముడి ముఖంలోకి చూసింది. తమ్ముడు గిటారు పెట్టెలో పెడుతూ తల వంచుకున్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. దారిలో అన్న, "చూశావా, పరువు కాపాడాను" అన్నాడు. తమ్ముడు "అవునన్నయ్యా" అన్నాడు.

మెడ సంగతి తమ్ముడికి చెప్పక తప్పలేదు. అతను "అయితే నేను నీ వెనక కూర్చుంటానన్నయ్యా. తిరగాలన్నా తిరగలేవు" అన్నాడు.

"వెనకా? ఆగే పాటలో ఏం చేస్తావురా?"

"చూద్దాం" అన్నాడు తమ్ముడు. ఆ మాట అతని మూడు మాటల్లో లేదు. పెద్ద గిటారుకి అది అస్సలు నచ్చలేదు.

ఆ సాయంత్రం హాలంతా కొత్త రంగు వాసన. వేదిక మీద తమ్ముడు వెనక కూర్చున్నాడు. అన్న ముందు, కాలి కింద పీట మీద పాదం పెట్టి, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు నిటారుగా కూర్చున్నాడు. ఎడమవైపు తమ్ముడి చోటులో మేనేజరు ఒక పూలకుండీ పెట్టించాడు. సూప్ పాట బాగానే గడిచింది. యజమాని చెయ్యెత్తి సైగ చేశాడు. ఆగే పాట మొదలైంది.

ఆగే చోటు రాగానే ఆయన మెడ తనంతట తాను ఎడమకి తిరిగింది. భుజంలో సూది దిగినట్టయింది. గడ్డం కిందకి దిగి, పూలకుండీకి తల ఊపాడు. వెనక చప్పుడు లేదు. తీగ మోగలేదు. అయిపోయింది అనుకున్నాడు. వాడు మళ్ళీ ఇరుక్కుపోయాడు, పిల్లాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటాయి, తను చూడలేడు. నిశ్శబ్దం సాగుతోంది. స్పూన్లు కూడా ఆగాయి. ఎవరో తల ఎత్తి వేదిక వైపు చూశారు.

అప్పుడు వెనక నుంచి ఒకే ఒక తీగ, మెల్లగా, మోగింది.

నిశ్శబ్దం అంతసేపు ఉండాలన్న సంగతి పెద్ద గిటారుకి ఇన్నేళ్ళూ తెలియదు. భయం కొద్దీ రోజూ తనే దాన్ని ముందుగా తుంచేస్తూ వచ్చాడు. తమ్ముడు వాయిస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ఆ వేళ్ళని కాపలా కాశాడు గానీ, వాటిలోంచి వచ్చే పాట వినలేదు. ఎక్కడ తప్పుతాడో అని చూసేవాడికి చెవులు పనిచేయవు. ఇప్పుడు చూడటానికి ఏమీ లేక విన్నాడు. తమ్ముడు ఎక్కడా తొందరపడటం లేదు. తెలిసిన స్వరాన్నే పట్టుకుని కాసేపు నిలబడుతున్నాడు, వదిలేస్తున్నాడు, మళ్ళీ వెనక్కొచ్చి పలకరిస్తున్నాడు. ఇలాంటి వాయిద్యం తన ఇంటి మేడ మీద ఉందని ఆయన భార్యకి తెలుసు, ఆరేసిన బట్టలకి తెలుసు.

వింటూ వింటూ ఆయన తను అందుకోవలసిన చోటు తప్పిపోయాడు.

తమ్ముడు కంగారుపడలేదు. ఆ ముక్కనే ఇంకోసారి తిప్పి వాయించాడు, పాటే అలా ఉందన్నట్టు. చోటు మళ్ళీ వస్తుండగా వెనక నుంచి సన్నగా "ఊఁ" అని వినబడింది. అన్న అందుకున్నాడు. హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. పాట అయ్యాక యజమాని చప్పట్లు కొట్టాడు. ఆ హాల్లో చప్పట్లు వినడం చాలా అరుదు.

వంటింటి వెనక నడవాలో, ఖాళీ కూరగాయల పెట్టెల మీద కూర్చుని తమ్ముడు గుడ్డతో తీగలు తుడుస్తున్నాడు. అన్న నిలబడే అడిగాడు.

"ఎప్పట్నించిరా?"

"ఏంటన్నయ్యా?"

"నేను తల ఊపకుండా మొదలెట్టడం."

"ఎప్పట్నించో. మేడ మీద అలాగే వాయించుకుంటా కదా."

"మరి ఇక్కడ నా వైపు ఎందుకు తిరిగేవాడివి?"

"నువ్వు చూస్తున్నావు కదా. నేను చూడకపోతే చిన్నబుచ్చుకుంటావని."

అన్న ఎదురుగా ఇంకో పెట్టె లాక్కుని కూర్చున్నాడు. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. ఆ చప్పుడు కాస్త తగ్గాక, ఇష్టం లేని సంగతిని తనే తీశాడు.

"ఆ పాటలావిడ గుర్తుందా? నిన్ను ఒక్కణ్ణీ రమ్మంది."

"గుర్తుంది."

"నీకు వెళ్ళాలని ఉండేదా?"

తమ్ముడు గుడ్డ మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. "ఉండేది" అన్నాడు. వెంటనే, "అదెప్పటి మాటో. ఇప్పుడెందుకులే" అన్నాడు.

"నోరు తెరిచి ఒక్క ముక్క అనొచ్చు కదరా."

"నువ్వు చెప్పేశావు కదన్నయ్యా."

అందులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే పెద్ద గిటారు ఎదురు మాట అనేవాడు, మాటకి మాట పెరిగేది, ఇద్దరూ ఇంటికెళ్ళి పడుకునేవారు. నిష్ఠూరం లేకపోవడంతో ఆయనకి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఒక మనిషి బతుకును పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ దాని వైపే చూస్తూ, చూడలేకపోయానన్న బాధ ఆయన్ని ముంచేసింది. వాడికి అన్యాయం చేశాను అనుకున్నాడు.

లేచి, "ఈ పూట నేను మోస్తాను, ఇలా ఇవ్వు" అన్నాడు. తమ్ముడు వినకుండా రెండు పెట్టెలూ ఎడమ భుజానికి తగిలించుకున్నాడు.

"ఒకటి కుడి భుజానికి వేసుకోవేం?"

"అది కాస్త పట్టేస్తుంది."

"ఎప్పట్నించి?"

"నీకు మొదలైనప్పుడే, కాస్త అటూ ఇటూగా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంట్లో ఒకరికుంది కదా, చాల్లే అనుకున్నా" అన్నాడు చిన్న గిటారు. నడవా దీపం కింద అతను నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

మర్నాడు పెద్ద గిటారు తనే తమ్ముణ్ణి ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి లాక్కెళ్ళాడు. ఆ అమ్మాయి కుడి భుజం నొక్కి చూసి, స్టూలు మీద కూర్చోబెట్టి వాయించమంది. తర్వాత అన్న వైపు తిరిగింది. "మీ నొప్పే అంకుల్, అద్దంలో చూసినట్టు. మీరు ఎడమకి తిరిగారు, ఈయన కుడికి తిరిగారు. ఈయనకైతే గిటారు ఒకవైపు, తల ఇంకోవైపు. ఈయనది ఇంకాస్త ముదిరింది. ముందే తీసుకురావలసింది." చెయ్యి పైకెత్తమంటే ఎత్తాడు. భుజం మట్టానికి వచ్చి ఆగిపోయింది. అంత పెద్ద మనిషి, చెయ్యి అక్కడే ఆపేసి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

అప్పటి నుంచి పొద్దున్నే పాఠాల పిల్లలు రాకముందు, అన్నదమ్ములిద్దరూ మేడ మీద గది గోడకి వీపులు ఆనించి పక్కపక్కన నిలబడతారు. మడమలు గోడకి, నడుం గోడకి, తల గోడకి. రెండు చేతులూ గోడ మీద నుంచి జారకుండా మెల్లగా పైకి జరపాలి. వదిన తలుపు దగ్గర బట్టల బుట్టతో నిలబడి, వంగుతున్నారు, నిటారుగా ఉండండి అని అదిలిస్తుంది.

ఒకనాటి పొద్దున ఆవిడ దుకాణానికి త్వరగా వెళ్ళిపోయింది. ఇద్దరే ఉన్నారు. అన్న చేతులు చెవుల దాకా వచ్చాయి. తమ్ముడి కుడి చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో చూడాలనిపించింది. మెడ అలవాటు కొద్దీ తిరగబోయింది. ఆపుకున్నాడు. ఎదురుగా కిటికీ వైపే చూస్తూ అడిగాడు.

"ఎంతదాకా వచ్చిందిరా?"

"నీ అంతే వచ్చిందన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"నొప్పి లేదు కదా?"

"లేదన్నయ్యా."

వాడు ఉన్న మాట చెబుతున్నాడో, తను చిన్నబుచ్చుకుంటానని చెబుతున్నాడో పెద్ద గిటారుకి తెలియలేదు. ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని కూడా, వాడి మాటలో ఏది వాడిదో ఏది తన కోసమో విడదీయడం ఆయన నేర్చుకోలేదు. అడగాలంటే ఇంకా చాలా ఉంది. ఎక్కడ మొదలెట్టాలో తెలియక, చేతులు గోడకి ఆనించి అలాగే నిలబడ్డాడు. పక్కన తమ్ముడి ఊపిరి బరువుగా, ఆగి ఆగి వినబడుతోంది. ఈసారి ఆయన తొందరపడలేదు. వాడంతట వాడు నోరు విప్పుతాడేమోనని, ఎదరకే చూస్తూ, కాచుకుని ఉన్నాడు.